ఎల్లారెడ్డికి మూడు క్షమాపణలు

కామారెడ్డి బస్టాండు ఎదురుగా ఈమధ్య ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. కోటు తొడుక్కున్న కుర్రాడొకడు చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు. మూడు రోజుల తరగతులకు వస్తే కోపం, బద్ధకం, భయం అన్నీ వదిలి కొత్త మనిషివై ఇంటికి పోతావట. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్ళదేనట. నేను దాని కింద నిలబడి రెండుసార్లు చదివాను. చదువుతుంటేనే కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా నేను ఒక్క కోపం మీదే పని చేస్తున్నాను. ఇంకా మొదటి మెట్టు దిగలేదు, ఎక్కలేదు. ఈ పిల్లవాడు మూడు రోజుల్లో, అందులో భోజనం వేళ పోను, ఏం పీకుతాడు?

ఇంటికి వచ్చి నా పుస్తకంలో ఆ రోజు పేజీలో ఒక చుక్క పెట్టుకున్నాను. కోపం వచ్చినందుకు.

ఈ చుక్కల సంగతి చెప్పాలంటే నేను జెరూసలేంలో ఉన్న రోజుల దగ్గరికి పోవాలి. నాలుగో తరగతితో బడి మానేసిన వాణ్ణి. తర్వాత చదివిందంతా కిరాణా కొట్టు పొట్లాల కాగితాలు, తాడ్వాయి బస్సు కోసం ఎదురుచూస్తూ లైబ్రరీలో తిరగేసిన పుస్తకాలు. నలభై తొమ్మిదో ఏట బోరు ఎండిపోయింది, వరి నన్ను వదిలించుకుంది. మావైపు అందరూ దుబాయి, మస్కట్ పోతుంటే, ఏజెంటు నన్ను ముసలివాళ్ళను చూసుకునే పనికి అటు పంపాడు. అమ్మను ఎల్లారెడ్డిలో అక్క దగ్గర ఉంచి విమానం ఎక్కాను. ఎనిమిదేళ్ళు ఉన్నాను. మా టీ హోటల్లో వాళ్ళకు యూదులంటే టీవీలో కనిపించే యుద్ధం ఒక్కటే. ఆ యుద్ధాల మీద నా అభిప్రాయాలు నాకున్నాయి, ఇక్కడ మొదలుపెడితే ఈ రాత పూర్తికాదు. నాకు తెలిసింది ఒక ఇల్లు, ఒక ముసలాయన.

ఎనభై దాటినవాడు. బతుకంతా నల్లాలు, పైపులు బాగుచేసిన మనిషి. కాళ్ళు పడిపోయాయి గానీ నోరు పడిపోలేదు. వాళ్ళలో కొందరు పట్టుకునే సాధన ఒకటుంది, ముసార్ అంటారు. మొక్కులు, ఉపవాసాలు ఎన్ని చేసినా గుణం దిద్దుకోనివాడు సగం పని ఎగ్గొట్టినట్టే అని వాళ్ళ లెక్క. ఓర్పు, మౌనం, వినయం, శుభ్రత, ఇట్లా పదమూడు గుణాలు రాసుకుంటారు. వారానికి ఒక్కటే. ఆ వారమంతా ఆ ఒక్క గుణాన్నే కాపలా కాయాలి, తప్పినప్పుడల్లా చిన్న పుస్తకంలో చుక్క పెట్టాలి. పదమూడు వారాలయ్యాక మళ్ళీ మొదటికి. ఏడాదికి నాలుగు చుట్లు. చచ్చేదాకా.

శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం, కలం పట్టకూడదు. ఆ రోజు తప్పులన్నీ గుర్తుంచుకుని పొద్దుగూకాక పుస్తకం తెరిచేవాడు. శనివారం చుక్కలు ఎప్పుడూ తక్కువే ఉండేవి. "పుణ్యమా, మతిమరుపా?" అని నేను ఒకసారి అడిగాను. నా మీద కళ్ళెర్రజేసి, అందుకు ఇంకో చుక్క పెట్టుకున్నాడు.

మంగళవారం సాయంత్రం ఆయనలాంటి ముసలివాళ్ళు ఇంకో నలుగురు వచ్చేవాళ్ళు. ఆ వారం గుణం గురించి ఎవరెక్కడ జారారో చెప్పుకునేవాళ్ళు. ఓర్పు వారం వచ్చిందంటే నేను ముందే గాజు గ్లాసులు తీసేసి స్టీలువి పెట్టేవాణ్ణి.

వెళ్ళిన కొత్తలో ఒక సంగతి జరిగింది. ఆ ఇంట్లో మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. రెండూ కలవకూడదు, అది వాళ్ళ మడి. నేను తెలియక మాంసం వండే గిన్నెలో చాయకు పాలు కాచాను. ఆయన ఏదో గడగడా అన్నాడు. నాకు భాష ఇంకా రాలేదు, నవ్వి తల ఊపాను. వారం తర్వాత, నడవలేని మనిషి, ఇనుప ఊతం పట్టుకుని టకటకమంటూ వంటింట్లోకి వచ్చాడు. అప్పటికి నాకు నాలుగు మాటలు వచ్చు. "ఆ రోజు నిన్ను గాడిద అన్నాను. గాడిద కొడుకు అని కూడా అన్నాను. నన్ను క్షమించు" అన్నాడు.

నన్ను అట్లా అన్నాడని నాకు అప్పుడే తెలిసింది. వారం రోజులు నవ్వుకుంటూ ఆయనకు స్నానం చేయించానే అని ఒళ్ళు మండింది. మా నాయనను ఎందుకు లాగావని తెలుగులో అరిచాను. ఆయనకు తెలుగు రాదు, కానీ తిట్టు ఏ భాషలో ఉన్నా తిట్టేనని ఆ ముఖం చూస్తే తెలిసింది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి గాడిద అన్నందుకు కాదు, నాకు తెలియని తప్పును తెలియజెప్పి నొప్పించినందుకు. మూడోనాడు నేనే, "అయ్యా, ఇక రాకు, నీ మోకాళ్ళు పోతయి" అన్నాను. దాంతో సరిపోయింది.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ కొత్త సంవత్సరం మన వినాయక చవితికి అటూ ఇటూగా వస్తుంది. దానికి ముందు నెలంతా పొద్దున్నే గుడిలో పొట్టేలు కొమ్ము ఊదుతారు. పడుకున్న మనసును లేపడానికట. ఆ రోజుల్లో ఎవరికి తప్పు చేశారో వాళ్ళ దగ్గరికి పోయి అడగాలి. దేవుడికి చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తాడు. మనిషికి చేసింది ఆ మనిషే చేయాలి, దేవుడి చేతిలో లేదు. ఊరికే "ఏమన్న తప్పుంటే మన్నించు" అంటే కుదరదు, తప్పు పేరు చెప్పాలి. కాదంటే ముగ్గురిని వెంటబెట్టుకుని పోయి అడగాలి. మూడుసార్లు అడిగాక కూడా కాదంటే, ఇక ఆ బరువు అడిగినవాడి మీద ఉండదు.

నేను యూదుణ్ణి కాలేదు, కావాలనుకోలేదు. కానీ ఆ చుక్కల పుస్తకం మాత్రం తెచ్చుకున్నాను. పదమూడు నావల్ల కాదని ఒక్క కోపం ఉంచుకున్నాను. మా ఇంటావిడ నా పుస్తకం ఒకసారి తిరగేసి, "గిన్ని చుక్కలు వాకిట్ల పెడితే ముగ్గన్న అయ్యేది" అంది.

ఇక అక్క సంగతి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. బావ కరెంటు లైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు. ఆరేళ్ళ కింద ఎల్లారెడ్డిలో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేశారు. తీరా పిలుపులయ్యాక ఎవడో వాస్తు చూసేవాడు వచ్చి, గేటు తూర్పున ఉంటే ఇంటాయన మాట చెల్లదని చెప్పాడట. ఉన్న గోడ కూల్చి, గేటును ఉత్తరానికి జరిపారు. నేను పంక్తిలో కూర్చుని, ఎనభై మంది తింటుండగా, "గేటు జరిపితే గుణం జరుగుతదా బావా? నేను ఎనిమిదేండ్లు యూదుల కాడ ఉన్న, వాళ్ళు గుణాన్ని జరుపుతరు, గేటును కాదు" అని మొదలుపెట్టాను. పెరుగు వచ్చేదాకా ఆపలేదు. ఆ ముసలాయన ఎంత కష్టపడేవాడో, నేను ఆయనను ఎంత ఓర్పుగా చూసుకున్నానో, అంతా చెప్పాను. బావ నవ్వి ఊరుకున్నాడు. అక్క వడ్డిస్తున్న గరిటె గిన్నెలో వేసి లోపలికి పోయింది. ఆనాటి నుంచి నాతో మాట లేదు.

ఆరేళ్ళు నేనూ బిగుసుకునే ఉన్నాను. తప్పేముంది, ఉన్నమాట అన్నాను కదా అని. ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేకుండా అయినప్పటి నుంచి ఎల్లారెడ్డిలో సగం మంది కామారెడ్డిలోనే ఉంటున్నారు, అక్క మాత్రం మా గడప తొక్కలేదు. మొన్న భాద్రపదం రాకముందు మా టీ హోటల్ దోస్తు, రిటైర్డ్ కండక్టరు, ఒక మాట చెప్పాడు.

"మీ అక్క కనబడ్డదే. మోకాళ్ళు చూపియ్యనీకి వచ్చిందట. కట్టె పట్టుకొని నడుస్తాంది."

"మా ఇంటికి రమ్మనకపోతివా?"

"అన్న. 'గా దిక్కు బస్సు పోదు బిడ్డా' అన్నది."

మా ఇల్లు బస్టాండు వెనక సందులోనే ఉంది. ఆ మాటకు ముందు కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. నాకు డెబ్బై రెండు, ఆమెకు డెబ్బై ఆరు. నన్ను "తమ్మీ" అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే మిగిలింది. ఇట్లాగే ఇంకో ఆరేళ్ళు బిగుసుకుంటే పిలిచేవాళ్ళు ఉండరు. అటు చూస్తే పొట్టేలు కొమ్ము నెల కూడా వచ్చేసింది. సరే, పోయి అడుగుదామనుకున్నాను. తప్పు పేరు నా దగ్గర ఉండనే ఉంది. గేటు.

మొదటిసారి ఒక్కణ్ణే పోయాను. లింగంపేట దాకా నిలబడే ప్రయాణం. దారంతా మాట నోట్లో తిప్పుకున్నాను. బావ వరండాలో కుర్చీ వేశాడు, నీళ్ళు తనే తెచ్చాడు. అక్క లోపల గిన్నెల చప్పుడు చేస్తోంది.

"బావా, నీ గేటు గురించి పదిమందిల నవ్వులాట చేసిన. అది తప్పు. మన్నించమని అడగనీకి వచ్చిన."

"ఏ గేటు?" అన్నాడు బావ.

"ఉత్తరం దిక్కు గేటు."

"అది ఇప్పుడేడుంది? జరిపితిమి గద. ఇంకో ఆయన వచ్చి ఉత్తరమైతే ఇంటామె మోకాళ్ళకు దెబ్బ అన్నడు. మళ్ళ తూర్పుకే పెట్టినం. నువ్వు గిప్పుడు గా తూర్పు గేటుకెల్లే వచ్చినవ్."

నేను పెదవి కొరుక్కున్నాను. ముసలాయన నేర్పిన ఉపాయం ఒకటుంది, నోరు తెరిచే ముందు ఒక గుక్క నీళ్ళు పట్టి ఉంచాలని. నీళ్ళు పట్టాను. నవ్వు ముక్కులోంచి వచ్చి నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి.

"బావా, ఊకె గోడ కూలగొట్టుడెందుకు, దానికి చక్రాలు పెట్టియ్యి. ఎవడే దిక్కు చెప్తే ఆ దిక్కు నూకొచ్చు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అక్క గొంతు గోడకు చెబుతున్నట్టు వచ్చింది. "వచ్చిండు, చూసిండు, అన్నడు. వచ్చిన పనైపోయింది, ఇగ పొమ్మను."

తిరుగు బస్సులో రెండు చుక్కలు పెట్టుకున్నాను. ఒకటి నవ్వినందుకు, ఒకటి చక్రాలకు. నిజం చెప్పాలంటే, చక్రాల మాట మీద నాకు ఇప్పటికీ పూర్తిగా పశ్చాత్తాపం లేదు.

కండక్టరుకు జరిగిందంతా చెప్పాను. "చేతులున్న మూడుట్ల ఒకటి పాయె" అన్నాడు. "లేదు, అడిగేటాయన నవ్వితే అది లెక్కకు రాదు" అని హోటల్ ఓనరు. దాని మీద వాళ్ళిద్దరూ అరగంట వాదించుకున్నారు. జెరూసలేం మంగళవారాలు గుర్తొచ్చాయి. చివరికి రెండోసారికి ముగ్గురు మనుషులు కావాలి కాబట్టి వీళ్ళిద్దరే వస్తామన్నారు. మూడో మనిషిగా కండక్టరు తన తోడల్లుణ్ణి తీసుకొచ్చాడు. ఆయనకు సంగతేమీ తెలియదు, ఎల్లారెడ్డిలో మంచి మటన్ దొరుకుతుందని విని వచ్చాడు.

ఇక్కడే నేను ఒక పెద్ద పొరపాటు చేశాను. జెరూసలేంలో ముగ్గురు ముసలివాళ్ళు ఒకడి వెంట నడిచి వస్తే, క్షమాపణకు వచ్చారనుకుంటారు. మా దగ్గర తెల్లచొక్కాలు తొడుక్కుని నలుగురు మగవాళ్ళు ఆదివారం పొద్దున ఒక ఇంటి ముందు చెప్పులు విడిస్తే దానికి రెండే అర్థాలు. ఒకటి పిల్లను చూడ్డానికి రావడం. రెండోది పంచాయితి. బావ ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల లేదు.

మేము కూర్చుని చాయ తాగేలోపల బావ లోపలికి పోయి ఫోన్లు చేశాడు. పది నిమిషాల్లో అటు తరఫున ముగ్గురు పెద్దమనుషులు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన మీసం దువ్వుకుని గొంతు సవరించుకున్నాడు.

"జాగా కాడికెల్లి లొల్లా? గెట్టు కాడికెల్లా?"

"జాగా కాదు, గెట్టు కాదు" అన్నాడు కండక్టరు. ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టిన అలవాటు కొద్దీ లేచి నిలబడి మాట్లాడాడు. "మావోడు తప్పు చేసిండు. ఒప్పుకుంటాండు. అడగనీకి వచ్చినం."

"తప్పు ఒప్పుకుంటాండా?" మీసాలాయన నమ్మలేకపోయాడు. ఆయన బతుకులో అట్లాంటి పంచాయితి చూసి ఉండడు. "ఒప్పుకున్నంక ఇగ పంచాయితెందుకు? దండుగ కడితే అయిపాయె."

"దండుగ ఏంది?" అన్నాను నేను.

"రివాజు గద. తప్పన్నంక దండుగ ఉంటది. ఒక మేకపోతు."

కండక్టరు తోడల్లుడు మొట్టమొదటిసారి నోరు తెరిచాడు. "ఒక్కటి ఏం సరిపోతది, ఇంతమందిమి ఉన్నం."

నాకు మండిపోయింది. ఇది దండుగ వ్యవహారం కాదని, మనిషి తన గుణాన్ని తాను దిద్దుకోవడమని, పొట్టేలు కొమ్ము దగ్గర నుంచి చెప్పుకొచ్చాను. పొట్టేలు అన్న మాట ఒక్కటే వాళ్ళకు ఎక్కింది. మేకపోతా, పొట్టేలా అని బేరం నడిచింది. బావ నడిమధ్యలో కూర్చుని, ఇంటి మీదికి ఏ లొల్లీ రాలేదన్న సంతోషంతో అందరికీ తల ఊపుతున్నాడు. చివరికి దసరా వెళ్ళాక ఒక పొట్టేలు అని తేలింది. అందరూ చేతులు దులుపుకుని లేవబోతుంటే, అక్క కట్టె టకటకలాడించుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆరేళ్ళలో ఆమె ముఖం సరిగ్గా చూడడం అదే. సగానికి సగం చిక్కిపోయింది.

"తప్పు నాకు చేసెనాయె, దండుగ మీరు తినవడితిరి. తీర్పు నన్నడిగిన్రా?"

మీసాలాయన చెప్పుల కోసం చూశాడు.

"నీకా? గేటు బావది గద?" అన్నాను నేను.

ఆమె నన్ను చూడలేదు, కండక్టరును చూసింది. "బిడ్డా, మీ దోస్తుకు ఇంక గేటే కనబడుతుంది. తప్పేందో తెల్వనోడు మాఫీ ఎట్ల అడుగుతడు? తోల్కపోరి."

వాళ్ళు నన్ను తోలుకుని వచ్చారు. బస్సులో కండక్టరు తోడల్లుడు దిగులుగా, "పొట్టేలు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు.

గేటు కాదట. మరేంది? నేను నాలుగు రోజులు తిండి సరిగా తినకుండా ఆలోచించాను. పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి, పుట్టినప్పటి నుంచి అక్కకు చేసిన తప్పులన్నీ రాశాను. ఆమె పలక పగలగొట్టి నెపం మేక మీద పెట్టడం. ఆమె దాచుకున్న బెల్లం ముక్క తినేయడం. పెళ్ళికి ముందు బావను చూడటానికి తొంగిచూసిందని నాయనకు చాడీ చెప్పడం. ఇట్లా పదకొండు. మా ఇంటావిడకు చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివింది.

"అసలుది గిందుల లేదు" అంది.

"ఏంది అసలుది?"

"ఆమెనే అడుగు."

"నీకు తెల్సా? మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పుడు ఆపితే గద, నేను చెప్పేది" అని లేచిపోయింది.

మూడోసారి పోయేటప్పుడు బస్సులో ఒక సంగతి నన్ను పట్టుకుంది. ముసలాయన నియమం ప్రకారం ఈసారి కూడా అక్క కాదంటే, బరువు నా మీద నుంచి దిగిపోతుంది. నేను ఇంటికి వచ్చి హాయిగా పడుకోవచ్చు. ఆ నియమం పెట్టినవాళ్ళు పెద్దలు, తెలివైనవాళ్ళు. కానీ నాకు బరువు దిగడంతో ఏం పని? ఆమె కాదంటే నేను పుణ్యాత్ముణ్ణి అవుతాను, అక్క ఉండదు. ఆ లెక్క నాకు నచ్చలేదు. ముసలాయన బతికుంటే దీని మీద ఒక మంగళవారం పట్టి గొడవపడేవాణ్ణి.

బావ పొలం దిక్కు పోయాడట. అక్క వెనక రేకుల కింద మంచం మీద కూర్చుని, పెసరకాయలు చాటలో పోసుకుని ఒలుస్తోంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను నేల మీద కూర్చుని పుస్తకం తీశాను.

"ఒకటి. నీ పలక నేను పగులగొట్టి మేక మీద పెట్టిన."

"తెల్సు" అంది. ఆరేళ్ళ తర్వాత నా ముఖాన అన్న మొదటి మాట అది. "మేక పలక మీద కాలు ఎట్ల పెడతదిరా, అది కట్టేసి ఉంటే."

"రెండు. నువ్వు దాసుకున్న బెల్లం నేనే తిన్న."

"బెల్లం కాదు. పల్లీల పట్టి."

"బెల్లమే. నాకు మంచిగ యాదికున్నది."

"తిన్నోడివి నువ్వు, పోగొట్టుకున్నదాన్ని నేను. నాకు యాదికుండదా? పల్లీల పట్టి. సంతల నాయన కొనిచ్చిండు."

"అక్కా, నా యాది గురించి మాట్లాడకు. నాకు నాలుగో ఏట సంగతులు కూడా..."

"చూసినవా, మాఫీ అడగ వచ్చి కొట్లాటకు దిగవడ్తివి. నీకు ఓర్పు ఏడుంది?"

ఆ మాట నాకు సరిగ్గా తగలవలసిన చోట తగిలింది. పుస్తకం మూసేశాను.

"నాకు ఓర్పు లేదా? నడవరాని మనిషికి ఎనిమిదేండ్లు నోరు తుడిచిన, స్నానం పోసిన, ముడ్డి కడిగిన. రాత్రి నాలుగుసార్లు లేపితే నాలుగుసార్లు లేచిన. ఒక్కనాడు ఇసుక్కోలే. ఓర్పంటే ఏందో నాకు..."

అక్క చేతిలో కాయ ఆగిపోయింది. చాట పక్కన పెట్టింది.

"తుడిచినవ్. మాకు తెల్సు. వచ్చిన ప్రతిసారి చెప్తవ్. అమ్మ పదకొండో దినం నాడు వచ్చి చుట్టాలందరిని కూసోబెట్టి చెప్పినవ్, గా ముసలాయనకు గంజి ఎట్ల తాపుతవో. గృహప్రవేశం నాడు చెప్పినవ్. రెండేండ్లు మంచంల ఉన్న అమ్మ నోరు ఎవలు తుడిచిన్రు తమ్మీ? ఒక్కనాడన్న అడిగినవా? ఎట్ల చేసినవే అక్కా, ఎట్ల తాపినవే, అమ్మ ఏమన్నదే అని ఒక్కమాట అడిగినవా?"

నాకు జవాబులు ఎప్పుడూ తక్కువ కావు. పదకొండు తప్పులు రాసిన పేజీ చేతిలోనే ఉంది, అందులో ఇది లేదు. అక్కడి నుంచి నేను నెలనెలా ఫోన్ చేసేవాణ్ణి, అమ్మకు ఎట్లుందని అడిగేవాణ్ణి. అమ్మకు ఎట్లుందనే అడిగాను. అక్కకు ఎట్లుందని అడగలేదు. ముసలాయన దగ్గర నాకు జీతం ఉంది, వారానికి ఒక సెలవు రోజు ఉంది, ఏడాదికి ఒకసారి ఆయన నా దగ్గరికి వచ్చి తప్పు పేరు చెప్పి క్షమించమని అడిగేవాడు. అక్కకు ఇందులో ఏ ఒక్కటీ లేదు.

"అడగలే" అన్నాను. ఇంకో మాట కలపబోయి ఆపుకున్నాను. తర్వాత అన్నాను, "అడగలేదే అక్కా. ఎట్ల తాపినవ్?"

ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"నోరు తెరిచేది కాదు" అంది. "చెంచా చూస్తే మూతి బిగించేది. నువ్వొచ్చినవని చెప్పేదాన్ని. 'అమ్మా, తమ్ముడొచ్చిండు, బయట కాళ్ళు కడుక్కుంటాండు' అంటే నోరు తెరిచేది. గప్పుడు ఒక్క చెంచా. మళ్ళ మూసేది. మళ్ళ అదే అబద్ధం. రోజు నువ్వు మూడు పూటలు కాళ్ళు కడుక్కునేటోనివి."

నేను కాయలు చూస్తూ కూర్చున్నాను.

"రెండో ఏడు ఎండకాలంల ఒకనాడు గంజి ఉమ్మింది. నా మొఖం మీద. నాకూ జ్వరం ఉండే గా దినం. చేతి మీద కొట్టిన." ఆమె తన కుడిచెయ్యి ఎత్తి ఎడమచేతి మీద చూపించింది, ఇక్కడ అన్నట్టు. "గట్టిగనే కొట్టిన. చిన్నపిల్ల లెక్క చూసింది నన్ను. మీ బావకు సుత చెప్పలే. నువ్వేమో గా ముసలాయన గురించి చెప్పుకుంట, ఒక్కనాడు ఇసుక్కోలే అంటవ్. నువ్వు గా మాట అన్నప్పుడల్లా నాకు గా చెయ్యి కనబడేది."

చనిపోయినవాళ్ళను క్షమాపణ అడగడానికి కూడా యూదులకు ఒక పద్ధతి ఉంది. పదిమందిని వెంటబెట్టుకుని సమాధి దగ్గరికి పోయి అడుగుతారు. అది నా నాలుక చివరకు వచ్చింది. అమ్మను కాల్చాం, సమాధి ఎక్కడిది అన్నది కూడా వెంటనే తట్టింది, దానికేం చేయాలో నాకు రెండు మూడు ఆలోచనలు కూడా వచ్చాయి. అన్నీ మింగాను. పదమూడు వారాలకోసారి, ఎనిమిదేళ్ళు చూసిన ఆ మౌనం అనే గుణం ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది.

"ఏమనవేంది?" అంది అక్క. "ఎన్నడు లేనిది."

"ఇంక చెప్పు."

చాటలోంచి రెండు దోసిళ్ళ కాయలు తీసి నా ముందు నేల మీద పోసింది. "ఊకె కూసునుడెందుకు, ఒలుసుకుంట విను. గింజలు కిందవడనియ్యకు."

నేను ఒలవడం మొదలుపెట్టాను. ఆమె అమ్మ చివరిరోజుల్లో పాడే ఒక పాట గురించి చెప్పింది, అది నాకు తెలిసిన పాట కాదు. అమ్మ బావను తన తండ్రి అనుకుని సిగ్గుపడి కొంగు కప్పుకునేదని చెప్పి నవ్వింది, నేనూ నవ్వాను. కొన్నిచోట్ల సంవత్సరాలు తప్పు చెప్పింది, నేను సరిదిద్దలేదు. మాఫ్ చేశానని అనలేదు. నేను మళ్ళీ అడగనూ లేదు.

బావ పొలం నుంచి వచ్చి, మమ్మల్ని చూసి, గుమ్మం దగ్గరే ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"బామ్మర్దీ, నాలుగింటి బస్సు వచ్చింది. పోతవా?"

"యాడికి పోతడు" అంది అక్క, తల ఎత్తకుండానే. "ఇంక మొదటి ఏడు చెప్పుడే కాలే."